చేయని పాపానికి ఒప్పుకోలు

పెద్దయ్య కాలు కుళ్ళుతోందని విన్న రోజు నేను దేవునికి స్తోత్రం చెప్పాను. పెదవులతో కాదు, మనసారా చెప్పాను. అప్పుడు బియ్యం కడుగుతున్నాను. వెనక లైనులో ఉండే ఆమె కిటికీ దగ్గర ఆగి, "వేలు తీసేసిన్రంట. అయినా ఆగలేదంట. ఇగ కాలే తీస్తరంట" అని చెప్పి పోయింది. నేను తడి చేతులతోనే నిలబడి, ప్రభువా, నువ్వు చెవిటివాడివి కావు అన్నాను.

ఇది చదివే విశ్వాసుల్లో కొందరికి ఇక్కడే నా మీద అసహ్యం పుడుతుంది. పుట్టనివ్వండి. శత్రువు పళ్ళు విరగ్గొట్టమని భక్తులు చేసిన ప్రార్థనలు మన బైబిల్లోనే ఉన్నాయి. ఆదివారం వంతులు వేసుకుని చదువుతాం, చివర ఆమేన్ కూడా అంటాం. ఆ ప్రార్థన చేసినవాళ్ళకు నిజంగానే ఒక శత్రువు ఉండేవాడని, అతనికి ఒక ఇల్లు, ఒక గొంతు, ఒక నడక ఉండేవని ఎవరూ ఆలోచించరు. నా శత్రువుకు అవన్నీ ఉన్నాయి. ఆయన మా పక్కింట్లోనే ఉంటాడు.

గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కాలనీ మాది, గనిని మేము బాయి అంటాం. కంపెనీ కట్టించిన క్వార్టర్లలో రెండేసి ఇళ్ళకు మధ్య ఒకటే గోడ. ఇటు మేము, అటు పెద్దయ్య, పెద్దమ్మ. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది సుల్తానాబాద్ వైపు వ్యవసాయ కుటుంబం. నా భర్తది ఆసిఫాబాద్ దగ్గరి పల్లె. నేను సాంచెల ఊళ్ళో, పగలంతా మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన నేతకారుల ఇంటి పిల్లను. బాయి మమ్మల్ని ఒక గోడకు చేర్చింది, సంఘం ఒక వరస కలిపింది. కాలనీలో విశ్వాసులందరూ ఆయనను పెద్దయ్య అనేవారు, మేమూ అన్నాము. మాట వరసకు అనలేదు. నా భర్త చేత తాగుడు మాన్పించింది ఆయన. బైబిలు కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆయన. బాప్తిస్మం రోజు నా భర్త నీళ్ళలోనుంచి లేస్తుంటే తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడింది ఆయన. ఎవరో దారిన పోయేవాడు నన్ను కొట్టి ఉంటే నేను ఇంతకాలం గుర్తుపెట్టుకోను.

పాస్టర్ అయ్యగారు ఆదివారాలే వచ్చేవారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మొత్తం సంఘపెద్ద అయిన పెద్దయ్య చేతిలోనే ఉండేది. రోగుల కోసం ప్రార్థించడానికి మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. రోగిని చాప మీద మధ్యలో కూర్చోబెడతారు. చుట్టూ అందరూ మోకరిస్తారు. రోగి గానీ, రోగి ఇంటివాళ్ళు గానీ దాచిన పాపం ఏదైనా ఉంటే బయటికి చెప్పాలి. చెప్పిన తరువాతే పెద్దలు నూనె రాస్తారు. రోగికి నూనె రాయండి, మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అని అపొస్తలుడు రెండు మాటలు పక్కపక్కన రాశాడు. మా పెద్దలు ఆ రెండిటినీ కలిపి ముడివేశారు. ఒప్పుకోలు లేనిదే నూనె లేదు. ఏమీ లేనివాళ్ళు ఎవరిమీదో విసుక్కున్నాననో, ప్రార్థనలో కునికిపాట్లు పడ్డాననో ఏదో ఒకటి చెప్పేవారు. అది చాలేది. అందరూ ఏడ్చేవారు, సీసా మూత తీసేవారు. నేను కూడా ఆ చాప చుట్టూ మోకరించి చాలాసార్లు ఏడ్చాను. అందులో తప్పు ఉందని నాకు అప్పుడు తోచలేదు.

ఒక వేసవిలో మా నాన్న పోయాడు. బాపు దినాలకు నేను మా ఊరు వెళ్ళాను. ఆ వానాకాలంలోనే బాయిలో నా భర్త మీద బండ పడింది. కంపెనీ ఆసుపత్రి, కరీంనగర్ ఆసుపత్రి, ఆ తరువాత హైదరాబాదు. చివరికి ఆయనను నడుం కింద చచ్చిన మనిషిగా ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మనసు మాత్రం అలాగే ఉంది, నోరు కూడా. జోకులు వేసేవాడు. "కంపెనీ నన్ను సగమే వాపస్ ఇచ్చింది. మిగిలిన సగం బాయిల్నే డ్యూటీ చేస్తుంది" అనేవాడు. వీపు మీద పుండ్లు పడకుండా నేను ఆయనను పక్కకు తిప్పుతుండాలి. పడనే పడ్డాయి. ఆ పుండ్ల వాసన ఎలాంటిదో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

శుక్రవారం వచ్చింది. బాయిలో తోటి పనివాళ్ళు ఆయనను మంచంతో సహా మోసుకుని రేకుల మందిరంలోకి తెచ్చారు. ఆయన గడ్డం గీసుకుని, నూనె రాసిన తలతో, పెళ్ళికి వెళ్ళేవాడిలా ఉన్నాడు. ఆ రోజు లేస్తానని ఆయన నమ్మాడు. నేను కూడా నమ్మాను. పెద్దయ్య నూనె సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, మీ బాపు దినాలకు పోయినవ్ గదా?"

"పోయిన పెద్దయ్యా."

"అక్కడ పక్షికి పెట్టిన కూడు తిన్నవ్."

చనిపోయినవాళ్ళ పేరు మీద వండి, ముందు పక్షికి పెట్టి, పక్షి ముట్టిన తరువాత బంధువులంతా తినే అన్నం అది. మా సంఘంలో విశ్వాసులు దాన్ని తినరు.

"తినలే."

"దేవుడు నాకు చూపించిండు. తెల్లగిన్నె. గిన్నెల అన్నం. నీ చెయ్యి గిన్నెల ఉన్నది."

"నా చెయ్యి కాదు పెద్దయ్యా. మా అవ్వింట్ల తెల్లగిన్నెనే లేదు."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ నవ్వు ఆయనకు తగిలింది. గొంతు పెంచాడు.

"షిఫ్టుల గంతమంది ఉన్నరు. నేను ఉన్న. బండ నీ మొగని మీదనే ఎందుకు పడ్డది? దేవునికి గురి తెల్వదా? ఒక్క మాట అను బిడ్డా. తిన్న అను. నీ మొగడు లేస్తడు."

చుట్టూ మోకరించినవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. ఒప్పించు ప్రభువా, నోరు తెరిపించు ప్రభువా అని నా తరఫున దేవుణ్ణి బతిమాలుతున్నారు. పెద్దమ్మ మోకాళ్ళ మీద జరుగుతూ నా పక్కకు వచ్చి చెవిలో గొణిగింది.

"తిన్న అనరాదే. ఏం పోతది? దేవుడు క్షమిస్తడు."

"తినంది దేన్ని క్షమిస్తడు పెద్దమ్మా?"

"నీ మొండితనం కాలిపోను. మొగన్ని చూడవా?"

చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. ఒక్క మాట. గాలిలో కలిసిపోయే మాట. నేను అనడానికి సిద్ధంగా ఉన్నాను. నిజంగానే నోరు తెరిచాను. కానీ ఆ మాట ఎవరితో అంటున్నానో గుర్తొచ్చింది. పెద్దయ్యతో అయితే అబద్ధం ఆడగలను, మనుషులతో ఆడనిదెవరు? అక్కడ మోకాళ్ళ మీద ఉండి అనేది దేవునితో. తినలేదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరికీ తెలిసిన అబద్ధాన్ని ఆయన ముఖం మీద చెప్పి, దానికి కూలిగా నా భర్త కాళ్ళు అడగాలి. బైబిల్లో, ఒంటినిండా పుండ్లతో బూడిదలో కూర్చుని పెంకుతో ఒళ్ళు గోక్కున్న ఆ భక్తుణ్ణి కూడా చేయని పాపం ఒప్పుకొమ్మని స్నేహితులు ఇలాగే అడిగారు. ఆయన ఒప్పుకుంటే వాళ్ళు సంతోషంగా ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు.

"తినలే" అన్నాను.

పెద్దయ్య సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. ఆ శుక్రవారం నూనె రాయలేదు. తరువాతి శుక్రవారమూ రాయలేదు. ఆ పైన మంచం మోయడానికి ఎవరూ రాలేదు.

ఆ మొదటి శుక్రవారం నా భర్తను ఇంటికి తెచ్చి పడుకోబెట్టాం. మందులు ఇవ్వబోతే అన్నాడు, "ఒక్క మాట అంటే అయిపోతుండె గదా."

"అబద్ధం అయితది."

"నా కాళ్ళు గంత చిన్నయా నీకు?" మాత్ర చేతిలోనే పట్టుకుని, "నిజంగనే తినలేదా?" అని అడిగాడు.

ఇదీ నా పగ. బండ మీద నాకు పగ లేదు. బండ పైన ఉన్నది, పట్టు వదిలింది, పడింది. నా పగ ఆ ప్రశ్న మీద. నాతో కాపురం చేసిన మనిషి నోట్లో, నా చేతి ముద్ద తినే నోట్లో ఆ ప్రశ్న పెట్టినవాడి మీద. ఆ రోజు నుంచి నేను ఆయనను తిప్పినప్పుడల్లా ముఖం గోడవైపే ఉండేలా పడుకునేవాడు. పెద్దయ్య ఇంటికీ మా ఇంటికీ మధ్యనున్న గోడ అది.

చలికాలంలో అవ్వ, నన్ను కన్నతల్లి, మాకు సాయానికి వచ్చింది. అవ్వ విశ్వాసి కాదు. మా గొడవ ఆమెకు తెలియదు. ఒక మధ్యాహ్నం ఆమె గంజి తాగిస్తుంటే నా భర్త అడిగాడు, "అత్తా, మామ దినాలనాడు నీ బిడ్డ అందరితోని తిన్నదా?"

"తింటే నాకెందుకు తిప్పలు బిడ్డా? అందరికి ఒక పొయ్యి, ఈ మహాతల్లికి ఒక పొయ్యి. మొగడు పోయిన దుఃఖంల నేనుంటే, 'అవ్వా, నాకు ఏరే వండు, నేను గది తినద్దు' అన్నది. కోపంకొద్ది ఇంత పప్పు ఉడకేసి ముందట పెట్టిన. నీ దేవునికి గీ పప్పన్న నచ్చుతదా అని అడిగిన."

నా భర్త నావైపు చూశాడు. ఎన్నాళ్ళకో చూశాడు.

"పప్పుల ఉప్పేసినవా అత్తా, కన్నీళ్ళే సరిపోయినయా?"

"నీ నోరు పడ! మంచాన పడ్డా నీ ఎకసెక్కాలు పోలే."

ముగ్గురం నవ్వాం. ఆయన ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాడు. నాతో క్షమించు అనలేదు, అనాలని నేను చూడలేదు. కానీ ఆ మధ్యలో పోయిన నెలలు ఉన్నాయి కదా, భార్యాభర్తలం ఒకే గదిలో ఉండి మాట్లాడుకోని నెలలు. అవి ఎవరు తిరిగిస్తారు? ఆయనకు మిగిలిన నెలలే తక్కువ. పుండ్లలోని విషం రక్తంలోకి పోయి, మరుసటి వానలు రాకముందే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళాడు.

సమాధి దగ్గర పెద్దయ్య వాక్యం చెప్పాడు. డేరాలో ఒకడు దొంగసొమ్ము దాచిపెట్టినందుకు ఇశ్రాయేలీయులు యుద్ధంలో ఓడి చచ్చిన కథ ఎత్తుకున్నాడు. పేరు పెట్టి అనలేదు. అందరూ నన్ను చూశారు. నేను పిడికిట్లో మన్ను పట్టుకుని నిలబడి ఉన్నాను. నా భర్త మీద వేయాల్సిన మన్ను అది. దాన్ని ఆయన మీద వేస్తూ, ప్రభువా, ఈ మనిషిని అదే చాప మీద కూర్చోబెట్టు, నేను చూడాలి అని అడిగాను.

ఆ తరువాత నేను సంఘం మానలేదు. మానితే ఒప్పుకున్నట్టే అవుతుంది. ప్రతి ఆదివారం వెళ్ళి, ముందు వరసలో, పెద్దయ్యకు ఎదురుగా కూర్చునేదాన్ని. ప్రభువు బల్ల రోజు, అంటే ఆయన మరణాన్ని తలచుకుని అందరూ రొట్టె పంచుకునే రోజు, పళ్ళెం వస్తే ముట్టకుండా పక్కకు అందించేదాన్ని. సహోదరుని మీద మనసులో కక్ష ఉంచుకుని బల్ల ముట్టకూడదు, నా దగ్గర కక్ష ఉంది, దాన్ని లేదనను. పాస్టర్ అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "క్షమించానని ఒక్క మాట అనమ్మా, బల్లలో పాలుపుచ్చుకో" అన్నారు.

"అయ్యగారూ, చెయ్యని పాపం చేసిన అని నా మొగని కాళ్ళ కోసమే అనలే. ఇప్పుడు చెయ్యని క్షమాపణ చేసిన అని రొట్టెముక్క కోసం అంటనా?"



ఇంకొక పని కూడా చేశాను. పెద్దయ్యను కాపలా కాశాను. సంఘపెద్దను కూల్చాలంటే ఒక్క పాపం దొరికితే చాలు. మా మధ్య గోడ పలచన. నిద్ర లేచింది మొదలు ఆయన దగ్గు, ఆయన పాట, పెద్దమ్మ మీద ఆయన కసురుకునే మాట, అన్నీ వినిపించేవి. జీతాల రోజు బాయి దగ్గర కల్లు దుకాణం ముందు నుంచి ఎవరెవరు ఎలా నడిచి వస్తారో నేను గేటు దగ్గర కూర్చుని చూసేదాన్ని. పెద్దయ్య అడుగు తడబడుతుందేమోనని చూశాను. పెళ్ళిళ్ళలో, యూనియన్ విందుల్లో ఆయన గ్లాసులో ఏముందో చూశాను. వాళ్ళింట్లో చెత్తబుట్ట గుమ్మరిస్తే ఏ సీసా పడుతుందో కూడా చూశాను. మందుల సీసాలు పడేవి. ప్రేమతో ఎవరూ ఒక మనిషిని అంత శ్రద్ధగా చూడరు. ఆయన బాప్తిస్మానికి ముందు పచ్చి తాగుబోతని కాలనీ అంతా చెప్పుకునేది. అందుకే నా ఆశ అంతా అక్కడే ఉండేది. ఏళ్ళు గడిచాయి, దొరకలేదు. ప్రతిసారీ ఇంట్లోకి వచ్చి దేవుని మీద కోపగించుకునేదాన్ని.

అప్పుడు వచ్చింది షుగరు, ఆ తరువాత కాలికి పుండు.

కిటికీ దగ్గర ఆ వార్త విన్న కొద్ది రోజులకు పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. గడపలోనే కూర్చుంది.

"కరీంనగర్ల సోమవారం ఆపరేషన్ అన్నరు. మోకాలు దాంక తీస్తరంట" అంది.

"విన్న."

"నీ ఉసురు తగిలిందంటున్రు అందరు."

నాకు ఆ మాట తేనెలా ఉంది. నేను ఏమీ అనకుండా కూర్చున్నాను, ఇంకా చెప్పనీ అని.

"శుక్రవారం ఆయన్ను చాప మీద కూసోబెడ్తున్రు. నువ్వు రా బిడ్డా. వచ్చి నీ ఉసురు వాపస్ తీస్కో. నేను కాళ్ళు పట్టుకుంట."

"వద్దు. లే. వస్త" అన్నాను.

ఆ శుక్రవారం నేను నిజంగానే ఉపవాసం ఉన్నాను, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పగ తీర్చుకునే రోజు కడుపు ఖాళీగా ఉండాలనిపించింది. అనాల్సిన మాటలు ఇల్లు ఊడుస్తూ తయారుచేసుకున్నాను. ఏం దాచినవ్ పెద్దయ్యా? కాలనీల ఇంతమందికి కాళ్ళున్నయి, దేవుడు నీ కాలునే ఎందుకు ఎంచుకున్నడు? ఆయనకు గురి తెల్వదా? పదం పదం ఆయనదే, ఆయనకే వాపసు ఇవ్వాలి.

మందిరంలో పెద్దయ్య చాప మీద కూర్చోలేక కుర్చీలో కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపి. ఎవరో సెంటు కొట్టారు గానీ దాని కింద ఆ వాసన వస్తూనే ఉంది. నా ముక్కుకు తెలిసిన వాసన. నేను ముందు వరసలోకి వెళ్ళి కూర్చున్నాను. నూనె సీసా ఇప్పుడు కొత్త పెద్ద ఒళ్ళో ఉంది. పెద్దయ్య దగ్గర ప్రార్థన నేర్చుకుని, ఆయన గొంతే అరువు తెచ్చుకుని మాట్లాడే మనిషి.

"పెద్దయ్యా, దేవుడు నాకు చూపించిండు" అన్నాడు ఆయన. "మీ చేతిల గ్లాసు. చాటుకు తాగుతున్నరు."

పెద్దయ్య తల అడ్డంగా ఊపాడు. "బాప్తిస్మం తీస్కున్నంక నేను ముట్టలే తమ్మీ."

"ఆలోచన చెయ్యుండ్రి. షుగరు ఊకెనే రాదు. పుండు ఊకెనే ఆగకుంట కుళ్ళది."

"ముట్టలే."

"ఒక్క మాట పెద్దయ్యా. కాలు దక్కుతది."

చుట్టూ ఏడుపు మొదలైంది. ఒప్పించు ప్రభువా, నోరు తెరిపించు ప్రభువా. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మొగుణ్ణి చూస్తోంది. ఆయన అందరి ముఖాలూ చూశాడు. నా ముఖమూ చూశాడు. ఆ కళ్ళలో ఉన్నది సోమవారం భయం. పెదవులు కదిలాయి. ఆయన అనబోతున్నాడని నాకు తెలిసిపోయింది. ఆ పెదవుల కదలిక నాకు తెలుసు, నేను కూడా ఒకసారి అలాగే నోరు తెరిచాను.

నేను తెచ్చుకున్న మాటల అవసరమే లేకపోయింది. ఊరికే కూర్చుంటే చాలు. ఆయన నోటితో ఆయనే తాగానని చెప్పుకుంటాడు. ఊళ్ళో తాగుబోతుల చేత తాగుడు మాన్పించినవాడన్న ఆ పేరొక్కటే ఆయన ఆస్తి. అది ఆ సాయంత్రానికే కాలనీ నాలుగు లైన్లలో చిత్తయిపోతుంది. సోమవారం కాలు ఎలాగూ పోతుంది. రెండూ పోయి ఇంటికి వస్తాడు. దేవుడు నేను అడిగిన దానికంటే ఎక్కువే ఇస్తున్నాడు.

కానీ ఆయన తాగలేదు.

అది ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి గేటు దగ్గర కూర్చుని చూసినదాన్ని నేను. ఆ అబద్ధం దేవుని ముందుకు వెళుతుంటే, అది అబద్ధమని తెలిసిన సాక్షి ముందు వరసలో మౌనంగా కూర్చుని ఉంటే, అన్నది ఆయనైనా అందులో సగం నాదే. నా భర్త కాళ్ళ కోసం ఆడని అబద్ధాన్ని నా పగ కోసం ఆడాలి. ఆ ధరకు నాకు పగ వద్దనిపించింది. అంతే. ఆయన మీద జాలి పుట్టలేదు.

"తాగలే" అన్నాను.

ఏడుపులు ఆగాయి. కొత్త పెద్ద నావైపు తిరిగాడు. "నీకేం తెలుసమ్మా?"

"నాకే తెలుసు. మీరందరు ఆయన్ను పెద్దయ్యా అని మొక్కుకుంట చూసిన్రు. నేను పడగొడదామని చూసిన. ఎప్పుడు తాగుతడా, ఎప్పుడు పట్టుకుందునా అని చూసిన. జీతాలనాడు చూసిన, పెండ్లిళ్ళల్ల చూసిన, వాళ్ళ చెత్తబుట్టల చూసిన. గీ మనిషి బాప్తిస్మం తీస్కున్న కాడికెల్లి చుక్క ముట్టలే. ముట్టి ఉంటే మీకు ఈడ దర్శనం అక్కెర లేకుండె, నేనే డప్పు కొట్టి చెప్తుంటి."

 నేను లేచి నిలబడ్డాను. ఇక ఆగలేను.

"ఆయన చేసిన పాపం ఒకటున్నది. గది నాకెర్కనే, ఆయనకెర్కనే. నా మొగడు చచ్చేదాంక నన్ను అనుమానంతోని చూసెటట్టు చేసిండు. కానీ కాలు దానికి కుళ్ళలే. షుగరుకు కుళ్ళింది. బండ నా పాపానికి పడలే, పైన బండ ఉన్నది కాబట్టి పడ్డది. గోపురం కూలి చచ్చినోళ్ళు మీకంటె పాపులా అని ప్రభువే అడిగిండు గదా, గా వాక్యం మీ బైబిళ్ళల్ల లేదా? ఒప్పుకోకు పెద్దయ్యా. చెయ్యంది ఒప్పుకోకు. ఒప్పుకున్నవంటే నేను ఊకోను."

కొత్త పెద్ద చేతిలో సీసా అలాగే ఉంది. "ఆ మూత తియ్యుండ్రి. ఒప్పుకోలు లేకుంటనే రాయుండ్రి. నా చేత్తోని మాత్రం నేను రాయ" అన్నాను.

అప్పుడు పెద్దయ్య మాట్లాడాడు. వాక్యం చెప్పే గొంతు కాదు, గోడ అవతలి నుంచి నాకు వినిపించే ఆ ముసలి గొంతు.

"బిడ్డా. నువ్వు తినలే."

ఈ మాట కోసమే నేను ఇన్నేళ్ళు బతికానని అనుకునేదాన్ని. విన్నాక చూస్తే అది చాలా చిన్నది. అనాల్సినప్పుడు అనలేదు. అనాల్సిన చోట, నా భర్త మంచం పక్కన నిలబడి అనలేదు.

"నాకు ఎప్పుడో తెలుసు పెద్దయ్యా" అని చెప్పి బయటికి వచ్చాను. వెనక మూత తీసిన చప్పుడు విన్నానో లేదో గుర్తులేదు. రాశారని తరువాత చెప్పారు.

సోమవారం కాలు తీసేశారు. నూనె కాలును కాపాడలేదు. కాపాడుతుందని నేను అనలేదు కూడా. సంఘంలో కొందరు ఇప్పటికీ నావల్లనే కాలు పోయిందంటారు, ఒప్పుకోనిచ్చి ఉంటే దక్కేదట. నాతో మాట్లాడరు. కొందరు మాత్రం శుక్రవారం చాప మీద కూర్చుంటే, "మాకేం లేదు, ఊకెనే రాయుండ్రి" అంటున్నారు. పెద్దలు గొణుగుతూనే రాస్తున్నారు. చంకకర్రలతో పెద్దయ్య వచ్చి వెనక వరసలో కూర్చుంటాడు. ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగడు.

మొన్న పెద్దమ్మ గిన్నెడు పాయసం తెచ్చి గడపలో పెట్టింది.

"ఇగ ఉసురు వాపస్ తీస్కున్నట్టేనా బిడ్డా?"

"ఉసురు నా దగ్గర ఉంటె గదా పెద్దమ్మా తీస్కునేటందుకు. ఎప్పుడో దేవునికి ఇచ్చిన. ఆయన్నే అడుగు."

"నువ్వు జర ఒక మాట చెప్పరాదు దేవునికి."

"నేను చెప్ప."

ఆమె లేచి వెళ్ళిపోయింది. పాయసం తిన్నాను, బాగానే ఉంది. తరువాత మోకరించాను. ప్రభువా, పగ తీర్చడం నీ పని అని నువ్వే చెప్పావు, నేను నా చేయి పెట్టలేదు. ఆయన మీద అబద్ధం పడనివ్వలేదు. ఆయన చేయనిదానికి నేను సాక్ష్యం చెప్పాను. ఆయన చేసినదానికి సాక్షివి నువ్వు. నా వంతు నేను చేశాను, ఇక నీ వంతు ఎప్పుడు?